పెళ్ళికూతురి కాగితాల మీద ఓడెక్కిన పెళ్ళికొడుకు

కొత్తగా పెళ్ళైన జంటల మీద హాలీవుడ్ వాళ్ళు తీసిన పాత కామెడీలు బోలెడు. వాటిల్లో చాలావరకు ఒకటే వరస. చిన్న అద్దె ఇల్లు, వెలగని హీటర్, కారే పైకప్పు, చెప్పాపెట్టకుండా దిగే అత్తగారు, ఒక పెద్ద అలక, చివర్లో రాజీ. చూస్తున్నంతసేపూ బాగానే ఉంటాయి, మర్నాటికి కథ గుర్తుండదు. ఆ గుంపులో ఒక్క సినిమా మాత్రం వేరు. అందులో కొత్త దంపతుల మధ్య అడ్డం వచ్చేది అత్తగారు కాదు, ఇమ్మిగ్రేషన్ చట్టం. భర్త భార్య తాలూకు డిపెండెంటుగా అమెరికా వెళ్ళాలి. ఆ ఒక్క ముక్క మీదే సగం సినిమా నడుస్తుంది.

సినిమా పేరు 'ఐ వాజ్ ఎ మేల్ వార్ బ్రైడ్'. మన మాటల్లో 'నేనొక మగ యుద్ధవధువుని' అనుకోవచ్చు. 1949లో వచ్చింది. దర్శకుడు హోవర్డ్ హాక్స్. హీరో కేరీ గ్రాంట్, హీరోయిన్ ఆన్ షెరిడన్. ఇక్కడ బ్రిటన్‌లో మాత్రం వేరే పేరు పెట్టి వదిలారు: 'యూ కాంట్ స్లీప్ హియర్'. ఇక్కడ పడుకోవడానికి వీల్లేదు, అని. ఆ పేరు ఎందుకొచ్చిందో కథ వింటే తెలుస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం అప్పుడే అయిపోయింది. జర్మనీలో హైడెల్‌బర్గ్ ఊరు అమెరికన్ సైన్యం చేతిలో ఉంది. కేరీ గ్రాంట్ ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్, పేరు హెన్రీ రోషార్. ఆన్ షెరిడన్ అమెరికన్ సైన్యపు మహిళా విభాగంలో లెఫ్టినెంట్, పేరు కేథరిన్ గేట్స్. ఇద్దరికీ క్షణం పడదు. ఒక కళ్ళద్దాల నిపుణుణ్ణి వెతికి పట్టుకునే పని మీద ఇద్దర్నీ కలిపి పంపిస్తారు. దొరికిన బండి పక్కన తొట్టె ఉన్న మోటారుసైకిల్. రూలు ప్రకారం దాన్ని అమెరికన్లే నడపాలి కాబట్టి ఆవిడ నడుపుతుంది, కెప్టెన్ గారు తొట్టెలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. తర్వాత రాబోయేదంతా దర్శకుడు ఆ ఒక్క సీనులోనే చెప్పేశాడు.

దారిలో వానలు, గొడవలు, చివరికి బండి పోయి గడ్డివాములో దూరుతుంది, అక్కడ ప్రేమ. పెళ్ళి చేసుకుందామంటే ఒక్క పెళ్ళి చాలదు. జర్మన్ ఊరి అధికారి ముందు ఒకటి, అమెరికన్ సైన్యపు పాదిరీ ముందు ఒకటి, ఫ్రెంచి చర్చిలో ఒకటి, మొత్తం మూడు. మూడుసార్లు పెళ్ళైనా ఒక్క రాత్రి కలిసి గడిపే యోగం లేదు. పెళ్ళి రోజే ఆవిడకి ఆర్డరు వస్తుంది, యూనిట్ బయల్దేరుతోంది, వెంటనే రిపోర్టు చెయ్యమని.

ఇక అక్కడి నుంచి మన కథే. ఆవిడతోబాటు అతను అమెరికా వెళ్ళాలంటే త్వరగా తెమిలే దారి ఒకటే ఉంది. యుద్ధంలో పనిచేసిన అమెరికన్ల జీవిత భాగస్వాముల కోసం పెట్టిన చట్టం. దాని కింద అతను అర్హుడే. కానీ ఏ ఆఫీసుకి వెళ్ళినా బల్ల వెనక ఉన్న మనిషి కాగితం చూసి, అతన్ని చూసి, మళ్ళీ కాగితం చూస్తాడు. ఫారంలో అడిగే ప్రశ్నలు ఆడవాళ్ళవి. గర్భం ఉందా, స్త్రీల ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా అని సార్జెంటు వరసగా చదువుతుంటే, ఇతను మొహం మామూలుగా పెట్టుకుని జవాబు చెప్తుంటాడు. రాత్రి పడుకోవడానికి వెళ్తే ఆడవాళ్ళ బసలో మగవాళ్ళకి ప్రవేశం లేదు. మగవాళ్ళ బసలో సైన్యంవాళ్ళ భార్యలకి చోటు లేదు, ఇతనేమో కాగితాల ప్రకారం భార్య. ఒక్కో గుమ్మం దగ్గరా అదే పాఠం అప్పజెప్తాడు: అమెరికా కాంగ్రెస్ వారి 271వ నంబరు చట్టం కింద అమెరికాకి ప్రయాణమై వెళ్తున్న మహిళా సైనికోద్యోగి తాలూకు విదేశీ జీవిత భాగస్వామిని నేను. మన తాసీల్దారు ఆఫీసు సర్టిఫికెట్లలో భాష లాగా ఉంటుంది కదూ. మొదటిసారి గర్వంగా చెప్తాడు, రెండోసారి ఓపిగ్గా, అలా అలా చివరికి నిద్ర కళ్ళతో జపం లాగా గొణుగుతాడు. ఎక్కడా పడుకోనివ్వరు. బ్రిటన్‌లో పెట్టిన పేరుకి అర్థం అదీ.

రేవులో ఓడ ఎక్కబోతే నావికులు నమ్మరు. పెళ్ళికూతుళ్ళ ఓడలో మగవాడేమిటి? దాంతో గుర్రం తోక వెంట్రుకలతో విగ్గు, ఆడ యూనిఫారం, స్కర్టు. అలా ఎక్కుతాడు, ఓడలో దొరికిపోతాడు, లాకప్‌లో పెడతారు. కేథరిన్ తంటాలు పడి సంగతి చక్కబెడుతుంది. మొగుడూ పెళ్ళాలకి తీరిగ్గా ఒక గది దొరికిందంటే ఆ లాకప్ గదే.

మగవాడు ఆడవేషం కట్టడం మనకేం కొత్త కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగం మీదికొస్తే ఆ నడక, ఆ చీరకట్టు చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారని పెద్దవాళ్ళు చెప్పేవారు. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ వేషం అందం కోసం. 'చిత్రం భళారే విచిత్రం'లో నరేష్ వేషం అద్దె ఇంటి కోసం, అది నవ్వు కోసం. ఈ సినిమాలో గ్రాంట్ ఆడవాడిలా కనపడాలని ఏ కోశానా ప్రయత్నించడు. గొంతు మార్చడు, నడక మార్చడు, చిరాకు మొహంతో స్కర్టు వేసుకున్న మగవాడిలాగే ఉంటాడు. నాకు అదే నచ్చింది. నవ్వు ఆడవాళ్ళ మీద కాకుండా ఫారం మీదికి పోతుంది. అలాగే 'మిస్సమ్మ' కూడా గుర్తొస్తుంది. అందులో పెళ్ళికాని ఇద్దరు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని నమ్మించాలి. ఇందులో మూడుసార్లు పెళ్ళైన ఇద్దరు ఆ మాట ఎవర్నీ నమ్మించలేకపోతారు.

ఇది కల్పిత కథ అనుకునేరు. రోజర్ షార్లియే అనే బెల్జియం దేశస్థుడికి జరిగింది. ఆయన పెళ్ళి చేసుకున్నది అమెరికన్ సైన్యంలో పనిచేసే నర్సుని. ఆవిడ వెంట అమెరికా వెళ్ళడానికి పడ్డ పాట్లన్నీ హెన్రీ రోషార్ అనే కలంపేరుతో రాసుకున్నాడు. 1947లో 'రీడర్స్ డైజెస్ట్'లో కూడా వచ్చింది. ఆ వ్యాసానికి పెట్టిన పేరు పైన చెప్పిన జపమే, అంత పొడుగు వాక్యమూ శీర్షికే. సినిమావాళ్ళు బెల్జియంని ఫ్రాన్సు చేశారు, నర్సుని సైన్యపు ఆఫీసరుని చేశారు. బెల్జియం వాళ్ళు ఏమనుకున్నారో గానీ, నర్సుని తీసేసినందుకు నాకు మాత్రం కొంచెం కష్టంగానే ఉంది. ఆ యుద్ధంలో 59 వేలమందికి పైగా అమెరికన్ నర్సులు సైన్యంలో పనిచేశారు. యుద్ధం మొదట్లో వాళ్ళకి పెళ్ళైతే ఉద్యోగం పోయేది. మనుషులు చాలక 1942లో ఆ పట్టు సడలించారు. అంటే సైన్యంలో ఉంటూ పెళ్ళి చేసుకున్న నర్సు అనే మనిషే అప్పటికి కొత్త. ఆవిడకి భర్త ఉంటాడని, ఆ భర్త విదేశీయుడైతే ఆవిడ వెంట రావాల్సి వస్తుందని ఫారాలు అచ్చువేసినవాడికి తట్టకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు చట్టం సంగతి. కొంచెం ఓపిక పట్టండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

1907 చట్టం ప్రకారం అమెరికన్ ఆడపిల్ల విదేశీయుణ్ణి పెళ్ళి చేసుకుంటే అమెరికా పౌరసత్వం పోయేది. మగవాడు ఎవర్ని చేసుకున్నా ఏమీ పోదు. 1922లో కేబుల్ చట్టం తెచ్చి దాన్ని చాలావరకు సరిదిద్దారు. కానీ మెలిక పెట్టారు: పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకుంటే మాత్రం పోతుంది. ఆ జాతులెవరయ్యా అంటే ఆసియావాళ్ళు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు ఆ లెక్కలోకే వస్తారని తేల్చింది. ఆ మర్నాటి ఏడు బెంగాలీ స్వాతంత్ర్యయోధుడు తారకనాథ్ దాస్‌ని పెళ్ళి చేసుకున్న మేరీ కీటింజ్, అమెరికాలో పుట్టి పెరిగిన మనిషి, తన దేశం పౌరసత్వాన్నే పోగొట్టుకుంది. మనవాడికి మెడలో దండ వేసినందుకు పడిన శిక్ష అది. ఆ మెలిక 1931 దాకా పోలేదు.

1924లో కోటాల చట్టం వచ్చింది. ఏ దేశం నుంచి ఏడాదికి ఎంతమంది రావచ్చో లెక్క కట్టారు. ఈ చట్టంలో అమెరికన్ పౌరుడి భార్యకి కోటా లేదు, నేరుగా రావచ్చు. అమెరికన్ పౌరురాలి భర్తకి ఆ వీలు లేదు, కోటా వరసలో నిలబడాలి. తర్వాత తర్వాత, ఫలానా తేదీ లోపల పెళ్ళైనవాళ్ళకి సరే అంటూ కొంత కొంత సడలించారు గానీ, 1932 జులై తర్వాత పెళ్ళి చేసుకున్న భర్తలు వరసలోనే. ఎందుకంటే ఆ చట్టం రాసినవాళ్ళ బుర్రలో కుటుంబం అంటే ముందు మగవాడు వెళ్తాడు, వెనక ఆడది వస్తుంది. బెల్జియం మొత్తానికి ఏడాది కోటా 1,304. మనకైతే అప్పట్లో తలుపే మూసేశారు. 1946లో తెరిచారు, ఏడాదికి వందమంది అని. దేశం మొత్తానికి వంద!

యుద్ధం అయిపోయాక లక్షమందికి పైగా అమెరికన్ సైనికుల భార్యలు సముద్రానికి ఇవతల ఉండిపోయారు. అప్పుడు 1945 డిసెంబరు 28న వార్ బ్రైడ్స్ చట్టం చేశారు, మూడేళ్ళ గడువుతో. అదే 271వ నంబరు. చూడండి, జనం పెట్టుకున్న పేరులో పెళ్ళికూతుళ్ళు ఉన్నారు గానీ, చట్టం వాచకంలో రాసింది జీవిత భాగస్వామి అని. మగ, ఆడ తేడా లేదు. షార్లియే ఆ ఒక్క మాటని పట్టుకునే ఓడెక్కాడు. మాట పైన కూర్చున్నవాళ్ళు మార్చారు, కింద ఫారాలు, బసలు, ఓడలో పడకలు, గుమస్తాల అలవాట్లు అన్నీ పాతవే. సినిమా నవ్విస్తున్నది ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోంచి.

1950 దాకా ఈ చట్టం కింద అమెరికా వెళ్ళినవాళ్ళ లెక్క ఉంది. భార్యలు 1,14,691. పిల్లలు 4,669. భర్తలు 333.

మూడువందల ముప్పై మూడు. సినిమా తీసింది వాళ్ళల్లో ఒకడి మీద. లక్షా పధ్నాలుగు వేలమంది ఆడవాళ్ళ ప్రయాణం సంగతి ఏమిటి? వాళ్ళ కథలో కూడా ఇవే ఫారాలు, ఇవే వరసలు, ఇవే గుమాస్తాలు. అది కామెడీగా ఎవరికీ తోచలేదు.

వాళ్ళు బయల్దేరిన రేవు మేముండే చోటికి దగ్గరే, సౌతాంప్టన్. బ్రిటన్ నుంచే దాదాపు 70 వేలమంది వెళ్ళారంటారు. యుద్ధం ఆగిన కొత్తలో ఓడలన్నీ సైనికుల్ని ఇంటికి చేర్చే పనిలో ఉన్నాయి, భార్యలకి చోటు లేదు. 1945 చివర్లో ఈ పిల్లతల్లులు లండన్‌లో చంకన బిడ్డల్ని వేసుకుని మాకూ ఓడలు కావాలని వీధికెక్కారు. ఆ తర్వాతే కదలిక వచ్చింది. ముందు టిడ్‌వర్త్ అనే చోట సైనిక శిబిరంలో పెట్టారు. చలికాలం, బారకాసులు, ఒక్కో గదిలో చాలామంది, ఏడ్చే పిల్లలు. అక్కడ కాగితాల తనిఖీ, వైద్య పరీక్షలు. బట్టలు విప్పించి వరసలో నిలబెట్టి చూసిన ఆ పరీక్షలు ఎంత సిగ్గుచేటుగా ఉండేవో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి ముసలివాళ్ళై కూడా చెప్పుకున్నారు. సినిమాలో సార్జెంటు గ్రాంట్‌ని గర్భం గురించి అడిగితే హాలంతా నవ్వుతుంది. టిడ్‌వర్త్‌లో ఆ ప్రశ్నలు అడిగినప్పుడు నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

1946 జనవరి 26న సౌతాంప్టన్ నుంచి మొదటి ఓడ కదిలింది, పేరు 'ఎస్ ఎస్ అర్జెంటీనా'. అందులో 452 మంది పెళ్ళికూతుళ్ళు, 173 మంది పిల్లలు, ఒకే ఒక్క పెళ్ళికొడుకు. ఫిబ్రవరి 4న న్యూయార్కు చేరింది. ఉత్తర అట్లాంటిక్‌లో చలికాలం, అంతమంది పసిపిల్లలు, వాంతులు, పాలసీసాలు. ఇండియా నుంచి పదిగంటల విమానంలో ఒక్క పిల్లాడితో వచ్చి ఊపిరి ఆడలేదనుకునే మనకి ఆ తొమ్మిది రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇంకో సంగతి. ఈ చట్టం మొదట్లో అందరు పెళ్ళికూతుళ్ళకీ కాదు. జాతి కారణంగా అమెరికాకి రాకూడదని పాత చట్టాలు ఆపినవాళ్ళకి ఇది పనిచెయ్యలేదు. జపాన్‌లో సైనికులు చేసుకున్న భార్యలు అలా ఆగిపోయారు. 1947 జులైలో సవరణ తెచ్చి కొంత దారి ఇచ్చారు. బెల్జియం భర్త పాట్లు సినిమా అయ్యాయి, జపాన్ భార్య నిరీక్షణ మీద ఆ రోజుల్లో ఎవరూ కామెడీ తియ్యలేదు.

సినిమా షూటింగు కూడా పెద్ద ఇమ్మిగ్రేషన్ ఫైలు లాగే నడిచింది. 1948 శరదృతువులో జర్మనీలో, నిజం హైడెల్‌బర్గ్‌లోనే మొదలుపెట్టారు. తర్వాత ఇంగ్లండులో షెప్పర్టన్ స్టూడియో. యుద్ధం తాలూకు కరువు తీరని చలికాలం. ఆన్ షెరిడన్‌కి ఊపిరితిత్తుల పొరకి వాపొచ్చి న్యుమోనియాలోకి దింపింది. ఆవిడ లేచేసరికి కేరీ గ్రాంట్‌కి హెపటైటిస్, పచ్చకామెర్లు. నెలల తరబడి షూటింగు ఆగిపోయింది. అతను 30 పౌండ్లకి పైగా బరువు తగ్గాడు. మిగతాది హాలీవుడ్‌లో పూర్తిచేశారు. గ్రాంట్ గడ్డివాములోకి ఒక బరువుతో దూరి ఇంకో బరువుతో బయటికొచ్చాడని హాక్స్ తర్వాత వేళాకోళం చేసేవాడట. లివరు వార్డులో పనిచేసినవాళ్ళు సినిమా చూస్తే ఏ సీను జబ్బుకి ముందుది, ఏది తర్వాతది అని దవడలు చూసి పట్టేస్తారు. ఈ జాప్యంలో ఒక తమాషా జరిగింది. సినిమా తయారయ్యేలోపే, 1948 డిసెంబరులో, 271వ చట్టం గడువు తీరిపోయింది. జనం టిక్కెట్టు కొని చూసేనాటికి అది గతం.

గ్రాంట్ కూడా వలసవాడే. ఇక్కడ బ్రిస్టల్‌లో పుట్టాడు, అసలు పేరు ఆర్చిబాల్డ్ లీచ్. 1920లో, పదహారేళ్ళప్పుడు, గారడీ ఆటల బృందంతో అమెరికా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పౌరసత్వం వచ్చింది 1942లో. ఫ్రెంచివాడి పాత్ర వేస్తూ ఫ్రెంచి యాస జోలికే పోలేదు. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు, అదీ అందగాడి అదృష్టం.

నేను ఈ సినిమా చూసేటప్పుడు మా ఆయన పక్కన కూర్చుని గట్టిగా నవ్వాడు. మధ్యలో ఒకచోట నవ్వు ఆపేశాడు. నా నర్సు వీసా మీద నేను ముందొచ్చాను, ఆయన డిపెండెంటుగా ఎనిమిది నెలలకి వచ్చాడు. ఊళ్ళో చుట్టాలు అల్లుడుగారు పెళ్ళాం వీసా మీద వెళ్ళాడట అని అనేవారు, తిట్టు కాదు, అలాగని మెచ్చుకోలూ కాదు. ఇక్కడ ఇంటి బిల్లులన్నీ నా పేరు మీద ఉన్నాయి కాబట్టి ఆయనకి బ్యాంకు ఖాతా తెరవడానికి తల ప్రాణం తోకకి వచ్చింది. బడి నుంచి ఏ ఫోనొచ్చినా ఆయన ఎత్తితే, అమ్మ ఉన్నారా అని అడిగేవారు. తెలిసినవాళ్ళందరూ పాపం, చదువుకున్నవాడు, ఎలా సర్దుకుపోతున్నాడో అని జాలిపడ్డారు. అదే వీధిలో ఉండే మన తెలుగమ్మాయి, ఎమ్మెస్సీ చదివింది, భర్త వీసా మీద వచ్చి మూడేళ్ళు ఖాతా లేకుండా, సొంత ఫోను బిల్లు లేకుండా ఉంది. ఆ అమ్మాయిని చూసి పాపం అన్నవాళ్ళని నేను చూడలేదు. అసలు సినిమాలో ఉన్న కిటుకు అదే కదా. స్కర్టులో మగవాడు కనపడితేనే ఫారం ఎంత అన్యాయంగా ఉందో చూసేవాళ్ళకి తెలుస్తుంది. మన పుట్టింటి కాగితాల్లో ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య అనే గళ్ళు ఎన్ని తరాలుగా నింపుతున్నాం, ఫలానా ఆవిడ భర్త అని రాయాల్సిన గడి ఎక్కడైనా చూశారా?

అమెరికా 1952లో చట్టం మార్చింది. భార్య అన్న చోటల్లా జీవిత భాగస్వామి అని రాసుకుంది, అమెరికన్ పౌరురాలి భర్త కూడా కోటా వరస తప్పించుకున్నాడు. షార్లియే తర్వాత అమెరికాలోనే సముద్రశాస్త్రం చెప్పే ప్రొఫెసరు అయ్యాడు.

బ్రిటన్‌లో మాత్రం ఇది ఇంకా ఆలస్యం. ఇక్కడ స్థిరపడ్డ మగవాడు భార్యని తెచ్చుకోవడం తేలిక, స్థిరపడ్డ ఆడది భర్తని తెచ్చుకోవడం కష్టం. 1980 నాటి రూల్స్ ఇంకా బిగించాయి. భర్తలు వస్తే ఇక్కడివాళ్ళ ఉద్యోగాలు పోతాయని ప్రభుత్వం వాదన. భార్యలు ఉద్యోగాలు చెయ్యరనే ధీమా అన్నమాట. ముగ్గురు ఆడవాళ్ళు యూరప్ మానవహక్కుల కోర్టుకి వెళ్ళారు: అబ్దులజీజ్, కబాలెస్, బాల్కండాలి. వీళ్ళలో ఆర్సెలీ కబాలెస్ ఫిలిప్పీన్స్ నుంచి 1967లో పని పర్మిట్ మీద ఇక్కడికొచ్చి ఆస్పత్రుల్లో పనిచేసిన నర్సు. అన్నేళ్ళు ఇక్కడి రోగులకి సేవ చేసింది, పెళ్ళి చేసుకున్నాక భర్తని రానివ్వమన్నారు. 1985 మే 28న కోర్టు ఇది ఆడామగా వివక్షేనని తీర్పు చెప్పింది.

గెలిచారు కదా అని సంతోషించేలోపే ప్రభుత్వం రూల్స్ సమానం చేసింది. ఎలాగంటే, భర్తలకి తలుపు వెడల్పు చెయ్యలేదు, అదే ఏడాది భార్యలకి కూడా ఇరుకు చేసింది. పెళ్ళి ముఖ్యోద్దేశం ఈ దేశం రావడం కాదని నిరూపించుకోవాలనే పరీక్ష అప్పటిదాకా భర్తలకే ఉండేది, ఇక ఇద్దరికీ పెట్టారు. 1997 దాకా అది పోలేదు. సమానత్వం ఇలా కూడా వస్తుందని నాకు ఈ కేసు చదివాకే తెలిసింది.

దానికి ముందు 1979 జనవరిలో హీత్రూలో జరిగింది తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన ముప్పై అయిదేళ్ళ భారతీయ ఉపాధ్యాయినిని, నిజంగా పెళ్ళికాని మనిషేనా అని తేల్చడానికి కన్యాత్వ పరీక్ష చేశారు. పేపర్లో వచ్చాక గొడవై ఆపేశారు. టిడ్‌వర్త్ బారకాసుల నుంచి హీత్రూ గది దాకా ముప్పై మూడేళ్ళు. ప్రశ్న మారలేదు: నువ్వు చెప్పుకుంటున్న పెళ్ళి నీ ఒంటి మీద చూపించు.

2024 మార్చి 11 నుంచి కేర్ వర్కరు వీసాతో కొత్తగా వచ్చినవాళ్ళు భర్తనో, భార్యనో, పిల్లల్నో వెంట తెచ్చుకోవడానికి వీల్లేకుండా పోయింది. ఈ రూలులో ఆడామగా తేడా ఏమీ రాయలేదు. కానీ ఆ పనికి ఇండియా నుంచి, కేరళ నుంచి, మన జిల్లాల నుంచి ఎవరు వచ్చారో మనకి తెలుసు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి రాత్రి షిఫ్టు మధ్యలో వీడియో కాల్ చేసుకునే అమ్మాయిలు మన గ్రూపుల్లోనే ఉన్నారు. వాళ్ళ మొగుళ్ళకి గుర్రం తోక విగ్గు పెట్టినా ఈసారి ఓడ ఎక్కించుకోరు.